పెట్టె కట్టువాని ప్రజ్ఞ

వర్షాభావమునకు పేరుమోసిన పావగడ తాలూకావంటి మెట్టసీమల ముళ్లపొదలను ఆశ్రయించి బ్రతుకు నక్షత్ర తాబేలునకు వీపుమీది పసుపుచారల సొగసే శత్రువై, దానిని దొంగవర్తకుల సంచులలో సముద్రములు దాటించుచున్నది. అట్లు దాటిపోయినవానిలో 51 తాబేళ్లు 2018 నవంబరులో సింగపూరునుండి విమానముపై బెంగళూరునకు మరలివచ్చినవి. అందులకు కర్ణాటక అటవీశాఖకును, ఉభయదేశముల జంతుసంరక్షకులకును మనము తెలుపు కృతజ్ఞతలో ఒక పాలు ఇట్టి ప్రయాణములకు పెట్టెలు కట్టు పనివారికిని చెందవలెను.

చూపునకది వట్టి పెట్టెయే. కాని ఒకదానినొకటి త్రొక్కుకొనకుండ అరలు, కాలుగాని తలగాని చిక్కుకొనని సన్నని గాలిరంధ్రములు, గోళ్లకు పట్టుదొరకు మెత్తని పరుపు, వెలుపల ‘సజీవజంతువులు’ అను చీటీ, నిలువుదిశను తెలుపు బాణపు గుర్తులు, ఇవన్నియు అంతర్జాతీయ విమాన రవాణా సంఘపు నియమములను అనుసరించి అమరవలెను. సరీసృపములు తమ మేనివేడిమిని తాము పుట్టించుకొనజాలవు గనుక, ఎండకాగిన తారునేలపైగాని చలిగదిలోగాని పెట్టె నిలిచిపోకుండ వేళలను ముందుగనే కూర్చుకొనుటయు ఈ విద్యలో భాగమే. గమ్యమున మూత తీసినవానికి చెప్పుకొనదగిన వింత యేదియు కనబడనిచో, పని చక్కగా జరిగినదని యర్థము.