పొదిగిన పిందె

కోడి గుడ్లు పొదుగుతుంది. కంసాలి ఉంగరంలో రాయి పొదుగుతాడు. రెండు పనులకూ మనవాళ్లు ఒకే మాట ఎందుకు పెట్టుకున్నారో, చెక్కలో చెక్క పొదగడానికి కూర్చున్న మూడో రోజున నా నడుముకి అర్థమైంది. లేవకూడదు, తొందరపడకూడదు, మధ్యలో ఎత్తి చూసుకోకూడదు. కోడికి 21 రోజులు సరిపోతాయి. నాకు 40 పట్టాయి.

మా చెల్లెలి కూతురికి పెళ్లి కుదిరింది. "అన్నయ్యా, కుక్కరూ మిక్సీ లాంటివేమీ తేకు, ఇప్పటికే ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు" అని చెల్లెలు ముందే ఫోన్ చేసి చెప్పింది. సరే, నగల పెట్టె చేసిద్దామనుకున్నాను. చెక్క కోసం వెతుక్కోనక్కర్లేదు. మా తాతగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వీధి గుమ్మం పై చెక్కను తెచ్చి అటక మీద పడేశాను. పాత టేకు, చేవదేరిన చెక్క. నాలుగుసార్లు చిత్రిక పట్టగానే మట్టీ సున్నమూ పోయి తేనె రంగు బయటపడింది. చిక్కల్లా ఒకటే. దాని పొడుగునా వరసగా మేకు రంధ్రాలు. ఏటా సంక్రాంతికీ ఉగాదికీ మామిడి తోరణం కట్టడానికి కొట్టిన మేకులవి. తుప్పు దిగి ఒక్కో రంధ్రం చుట్టూ నల్లటి మచ్చ. మచ్చల్లేని ముక్క కోసుకుందామంటే మూతకు చాలదు. అలాగే వదిలేస్తే పెళ్లి కానుకలా ఉండదు. మచ్చ ఉన్న మేరకు తవ్వేసి వేరే చెక్క పొదగడమొక్కటే దారి. మామిడాకులు వేలాడిన చోటు కదా అని మామిడి పిందెలు గీశాను, మూడు.

విశాఖలో ఉంటూ పెట్టె చేస్తానని కూర్చున్నవాడికి కాస్త బెరుకు తప్పదు. ఈ ఊరు ఒకప్పుడు పెట్టెలకే పేరు. 18వ శతాబ్దంలో ఇక్కడి పనివాళ్లు రోజ్‌వుడ్ కుర్చీల్లో, బల్లల్లో, పెట్టెల్లో ఏనుగు దంతం పొదిగి ఈస్టిండియా కంపెనీ దొరలకు అమ్మేవారు. దంతం మీద సన్నని గీతలు చెక్కి వాటిలో నల్ల లక్క నింపేవారు. ఆ తీగలకూ పువ్వులకూ మన కోస్తా అద్దకపు బట్టలతో దగ్గరి చుట్టరికం. ఆ శతాబ్దం చివరికొచ్చేసరికి పొదగడం తగ్గి, గంధపు చెక్క పెట్టెను దంతపు పలకలతో పూర్తిగా కప్పేయడం మొదలైంది. దొరసానుల కుట్టుపని పెట్టెలు కొన్ని అచ్చం ఇంగ్లండు ఇళ్ల ఆకారంలో ఉంటాయి. గోడలకు కిటికీలూ తలుపులూ గీసి ఉంటాయి, కప్పు ఎత్తితే లోపల సూదులకూ దారాలకూ అరలు. ఆ దేశం మొహం చూడనివాడెవడో, ఇక్కడి ఉక్కపోతలో చెమట తుడుచుకుంటూ, మంచు కురిసే ఊరి ఇల్లు కట్టాడన్నమాట. లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ ఊరి పనితనం 'వైజగపటం' అన్న పాత పేరుతో భద్రంగా ఉంది.

దంతం పోయిందని నాకు బాధ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగుల దంతం వ్యాపారాన్నీ, 1991లో మళ్లీ సవరించి ఆఫ్రికా దంతం వ్యాపారాన్నీ ఆపేశారు. ఆపాల్సిందే. ఒక దొరసాని సూదులు దాచుకోవడానికి ఏనుగు చావాలా? నా బాధల్లా చెయ్యి పోయిందని. మైసూరు వాళ్లు దంతం మానేశారు గానీ పొదగడం మానలేదు. రోజ్‌వుడ్ పలకలో రకరకాల రంగుల చెక్కలు పొదిగి ఇవాళ్టికీ చిత్రాలు చేస్తున్నారు. మన ఊళ్లో అలాంటి చెయ్యి కోసం నేను వెతికిన వీధుల్లో ఎక్కడా దొరకలేదు.

చివరికి మా వీధి మలుపులో తలుపులు చేసే ముసలాయన దగ్గరికి వెళ్లాను. పిందె ఆకారాన్ని టేకు మీదకు దించుకుని, ఉలి పట్టుకుని, ఇదీ నా ఆలోచన అని చూపించాను. ఆయన నోట్లోంచి బీడీ తీశారు.

"ఏటి బాబూ, గొయ్యి ముందు తవ్వేత్తారేటి? ముక్క ముందు సేసుకోవాల. ముక్కని బట్టి గొయ్యి ఉంటాది గానీ, గొయ్యిని బట్టి ముక్క ఉంటాదేటి?"

పిందెలకు పనస చెక్క తీసుకున్నాం. కోసిన కొత్తలో పసుపు కొమ్ములా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదురుతుంది. ఆ సంగతి ముందే ఒప్పుకుని పని మొదలుపెట్టాలి. పలక మందం 3 మిల్లీమీటర్లు. సన్న రంపంతో పిందె కోశాక, అంచును ఆకురాయితో రాస్తూ అడుగువైపు రవ్వంత సన్నబడేలా ఏటవాలు చేయాలి. అప్పుడది సీసాలో బిరడాలా దిగేకొద్దీ బిగుస్తుంది. ఆ ముక్కను టేకు మీద కదలకుండా పట్టి చుట్టూ కత్తి మొనతో గీయాలి. పెన్సిల్ పనికిరాదు. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది, గీతకు ఏ వైపు తవ్వాలో తెలీదు. కత్తి గీసిన గాటులో ఉలి తనంతట తనే కూర్చుంటుంది. గొయ్యి లోతు 2 మిల్లీమీటర్లే. మిగిలిన మిల్లీమీటరు పైకి ఉంటుంది. జిగురు ఆరాక చిత్రిక పట్టి సమం చేయడమే.

పిందె పొట్ట సులువు. కొన దగ్గరే ప్రాణం పోతుంది. వంపు తిరిగి చిలక ముక్కులా సన్నబడే చోట పనస నార అడ్డంగా వస్తుంది, చిటికెన వేలు తగిలినా పుటుక్కున విరుగుతుంది. మొదటి పిందెకు రెండుసార్లు కొన విరిగింది. మూడోసారి ముక్క కుదిరింది గానీ, ఈసారి గొయ్యి కొన దగ్గర ఉలి జారి టేకు పేడు లేచిపోయింది. ముక్క దించి చూస్తే వెంట్రుకంత సందు. ముసలాయన ఏమీ అనలేదు. నేల మీది రంపపు పొట్టు చిటికెడు తీసి, ఫెవికాల్‌లో కలిపి నా ముందుకు తోశారు.

"అందరం సేసేదే. సెప్పుకోమంతే."

మూత అంచుకు ఇత్తడి పట్టీ వేద్దామని ఆశపడి, వెంటనే మానుకున్నాను. కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక మిత్రుడి గృహప్రవేశానికి ఇలాగే ఒక పెట్టె చేసి, మూతకు అడ్డంగా ఇత్తడి పట్టీ పొదిగి ఇచ్చాను. సముద్రపు తేమ తాగిన చెక్క అది. ఏప్రిల్ వచ్చేసరికి అక్కడి పొడి ఎండకు టేకు నారకు అడ్డంగా కుంచించుకుపోయింది. ఇత్తడి కుంచించుకోదు కదా, పట్టీ నడుమ విల్లులా పైకి లేచింది. మిత్రుడు ఫొటో తీసి పంపి, "ఇది పట్టుకునే పిడా?" అని అడిగాడు. ఈ పెళ్లికొడుకుదీ హైదరాబాదే. అందుకని చెక్కలో చెక్కతోనే సరిపెట్టుకుని, పిందెల నార కూడా మూత నార వెంటే సాగేలా పెట్టాను.

పెట్టె కట్టడంలో నాకు భలే ఇష్టమైన ఘట్టం ఒకటుంది. పక్కలూ, అడుగూ, పైకప్పూ అన్నీ కలిపి ఎక్కడా తెరుచుకోకుండా అంటించేసి, ఆ తర్వాత చుట్టూ రంపం పెట్టి మూతను కోసి వేరు చేయడం. చేసిన పెట్టెను చేజేతులా కోయడమంటే మొదటిసారి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. కానీ మూత విడిగా చేస్తే ఎంత కొలిచినా తేడా కనిపెట్టేస్తుంది కన్ను. ఇలా కోస్తే పక్క చెక్కల చారలు తెగకుండా మూతలోకి సాగుతాయి. పైన లక్క పాలిష్. లక్క పలుకులు స్పిరిట్‌లో కరగబెట్టి, గుడ్డ ఉండతో పూత మీద పూత రుద్దాలి. అప్పట్లో దంతం గీతల్లో నిండిందీ, ఇప్పుడు ఏటికొప్పాక బొమ్మల మీద మెరుస్తున్నదీ ఈ లక్కే.

ఖాళీ పెట్టె ఇవ్వకూడదని మా ఆవిడ అందులో పసుపు కొమ్ములూ వక్కలూ రూపాయి బిళ్లా వేసింది. మండపంలో ఒక పెద్దావిడ పిందె మీద గోరుతో అటూ ఇటూ గీకి చూసి, అంచు తగలకపోయేసరికి, "స్టిక్కర్ భలే అంటించారు నాయనా" అన్నారు. నేను దిద్దలేదు. అంతకుమించిన మెచ్చుకోలు నాకు ఇంతవరకూ దక్కలేదు.

ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి. మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు పెట్టె తీయించి చూశాను. పనస రంగు కాస్త ముదిరింది. మూడు పిందెలూ కదల్లేదు. మొదటి పిందె కొన దగ్గర మాత్రం నేను నింపిన పొట్టు రాలి, సందు మళ్లీ తెరుచుకుంది.

"మావయ్యా, అక్కడ గీత పడింది. నేనేం చేయలేదు" అంది మేనకోడలు.

నువ్వు కాదమ్మా, నేనే అన్నాను.