రాధికాసాంత్వనము: లోపించిన యవతారిక

తంజావూరి ప్రతాపసింహుని (1739-1763) యాస్థానమున వెలసిన ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును గూర్చి వ్రాయువారు సాధారణముగా నిషేధముతోనే మొదలిడుదురు. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరింపఁగా 1910లో వావిళ్లవారు ప్రకటించిన ప్రతులపై మఱుసటి యేఁడు ఆంగ్లప్రభుత్వ మశ్లీలదోషము నారోపించెను. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి తోడ్పాటుచే నా యాంక్ష తొలఁగినది. ఇది సుపరిచితము. కాని యీ కావ్యమునకుఁ గత్తెర మొదట వేసినది ప్రభుత్వము కాదు.

పైడిపాటి వెంకటనరసు 1887లో సిద్ధపఱచి, 1907లో మరల నచ్చుపడిన కూర్పునఁ గొన్ని పద్యములు విడువఁబడినవి. రతివర్ణనలను విడుచుట యా కాలపు మర్యాద యనుకొందము. అవతారిక నేల విడువవలసివచ్చెను? అందుఁ గల ప్రధానాంశములు కవయిత్రి వంశము, విద్య, యితర కవులు తనకుఁ గృతు లంకితము చేసిరను సగర్వోక్తి. ఇవి యే నీతికి భంగకరములు? వేశ్యాకులజ యగు నొక స్త్రీ తన వంశమును జెప్పుకొనుటయే పరిష్కర్తకు దుస్సహ మయ్యెనేమో! సమగ్రమైన ప్రతిని సంపాదించి యా లోపమును బూరించుటయే నాగరత్నమ్మ చేసిన మహోపకారము.

వీరేశలింగము పంతులు ఆంధ్రకవుల చరిత్రమున, నిందలి భాగములు స్త్రీలు పలుకుట యటుండ వినుటకైనఁ దగవని గర్హించిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు వలదా యని నాగరత్నమ్మ ప్రశ్నించినది. వైజయంతీవిలాసమును బంతులుగారే యామోదించిరని యెత్తిచూపినది. వాదముగా నిది యకాట్యము. విమర్శగా మాత్రము చాలదు. పురుషులు వ్రాసినదానితో సమమేకదా యనుటచే నీ కావ్యపు విశేషము మఱుఁగుపడినది.

ఆ విశేషము కథలోనే యున్నది. రాధ ఇళను బెంచి, కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, తొలిరేయికిఁ దగిన బుద్ధులు గఱపి, పిమ్మటఁ దానే యీర్ష్యతో దహించుకొనిపోవును. తుదకు బ్రతిమాలవలసినవాఁడు కృష్ణుఁడు. ప్రబంధములలోఁ దఱచుగా వర్ణ్యవస్తు వగు స్త్రీ యిచట వలపు నడుగును, అలుగును, శాసించును. అదియు వయసు మీఱిన ప్రౌఢ. గర్హించినవారును సమర్థించినవారును బద్యముల నెంచిరే గాని, యా పద్యములలోఁ గోరిక యెవరిదో విచారింపరైరి.

ఇఁక వెలువడు పరిష్కరణములలో 1887, 1907 కూర్పులయందు లేని పద్యములకుఁ బ్రత్యేకముగా గుర్తు లుంచుట యావశ్యకము. ఏ పద్య మెవరికి వెఱపు గొల్పెనో యప్పుడు పుటలోనే తెలియఁగలదు.