మెల్లగా దిగిపోయే పెడల్

అరకు వెళ్తూ బొడ్డవర దాటి కొండెక్కేటప్పుడు బ్రేకుతో పెద్దగా పనుండదు. ఇంజన్ లాగుతుంది, గేర్లు మారుస్తాం, అంతే. అసలు పని మర్నాడు సాయంత్రం పడుతుంది, అనంతగిరి దాటి డముకు, కాశీపట్నం వైపు దిగేటప్పుడు. 2021 ఫిబ్రవరి 12 రాత్రి హైదరాబాద్ పర్యాటకుల బస్సు ఒకటి అరకు నుంచి దిగుతూ ఆ డముకు దగ్గరే లోయలో పడింది. నలుగురు చనిపోయారు. కారణాల జోలికి ఇక్కడ పోను. ఈ దారిలో ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి జాగా ఉండదన్నది మాత్రం ఖాయం.

మనవాళ్లకు బ్రేకు చూడటమంటే గట్టిగా ఒక్క తొక్కు తొక్కడం. బండి ఆగితే ‘బాగానే ఉంది’ అనేస్తాం. మాస్టర్ సిలిండర్ లోపల లీకవుతున్న బండి ఈ పరీక్షలో నిక్షేపంగా నెగ్గుతుంది. నన్ను భయపెట్టేది ఇదే.

పెడల్ తొక్కితే సిలిండర్‌లో పిస్టన్ ముందుకెళ్లి ఆయిల్‌ని చక్రాల దాకా నెడుతుంది. ఆ ఆయిల్ వెనక్కి జారకుండా పిస్టన్‌కు రబ్బరు వాషర్లుంటాయి, గిన్నెలా పల్చటి అంచుతో. గట్టిగా తొక్కితే ఆయిల్ ఒత్తిడే ఆ అంచును సిలిండర్ గోడకు అదిమిపెడుతుంది, అరిగిన వాషర్ కూడా అప్పటికి పట్టు చూపిస్తుంది. మెల్లగా తొక్కితే ఆ అదుము చాలదు. ఆయిల్ అంచు పక్కనుంచి జారి, తిరిగి పై డబ్బాలోకే చేరుతుంది. నేల మీద చుక్క పడదు, డబ్బాలో లెవెల్ తగ్గదు, పెడల్ మాత్రం కాలి కింద నింపాదిగా దిగిపోతుంది. ఘాట్ దిగుతూ మనం చేసేదంతా ఆ మెల్లగా, చాలాసేపు తొక్కడమే కదా.

అరకు దారిలోని ఎస్.కోటలో నాకు తెలిసిన మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. సంతలకు మనుషుల్నీ మూటల్నీ చేరేసే కమాండర్ జీపులు ఆయన చేతిలో చాలా బాగుపడ్డాయి. బండి తెచ్చిన కుర్రాడు పెడల్‌ని దబదబా కొట్టి చూపిస్తుంటే ఆయన ఆపాడు. “తన్నకు బాబూ, ఆనించి ఉంచు. ఆనిస్తే అదే సెప్తాది.” ఇంజన్ నడుస్తుండగా, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేసేంత బరువే కాలితో వేసి నిమిషంసేపు కదపకుండా ఉండమన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేయగానే, తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ సాయం అంది పెడల్ ఒకసారి కొంచెం కిందికి దిగడం మామూలే. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటే అనుమానం మాస్టర్ సిలిండర్ మీదే. ఆ జీపుది దిగుతూనే ఉంది.

లెవెల్ తగ్గుతూ, ఎక్కడా తడి కనిపించకపోతే అది ఇంకో రకం. ముందుగా వెనక డ్రమ్ముల్లోని వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, పైపులు చూడాలి. అవి పొడిగా ఉంటే, సిలిండర్ వెనక వాషర్ దాటి ఆయిల్ బూస్టర్‌లోకి పోతోందని అర్థం. మేస్త్రీ బిగింపు నట్లు రెండూ వదులు చేసి, పైపులు విప్పకుండానే సిలిండర్‌ని కాస్త ముందుకు జరిపి వెనక్కి వేలు పోనిస్తాడు. వేలు తడిగా వస్తే ఇక వెతకక్కర్లేదు. బూస్టర్ మీద పెయింట్ పొక్కి ఊడటం కూడా దాని ఆనవాలే.

దిగుతూ దిగుతూ చక్రాలు కాలాక పెడల్ స్పాంజిలా మెత్తబడి, చల్లారాక మళ్లీ బిగుసుకుంటే ఆ తప్పు చాలావరకు సిలిండర్‌ది కాదు, ఆయిల్‌ది. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే ఆ హద్దు 140కి పడిపోవచ్చు. అదే తేమ సిలిండర్ లోపలి గోడనూ తినేస్తుంది. వానా మంచూ ఇంతగా ఉండే కొండల్లో రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం దుబారా కాదు.

ఇక రిపేరు. కొత్త వాషర్ల కిట్ వేస్తే చౌక, సిలిండర్ అసెంబ్లీ మొత్తం మారిస్తే ఖరీదు. రోజు కిరాయి మీద ఇల్లు గడిచే జీపు యజమానిని అసెంబ్లీయే కొనమని ఊరికే చెప్పలేం. తేల్చాల్సింది సిలిండర్ లోపలి గోడ. మేస్త్రీ దాన్ని తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, గోరుతో గీరుతాడు. గుంటగానీ గీతగానీ గోటికి తగిలితే కిట్ దండగ, కొత్త వాషర్‌ని ఆ గరుకు కొద్ది రోజుల్లోనే కోసేస్తుంది. అల్యూమినియం సిలిండర్‌ని ఎమరీ పేపర్‌తో రుద్ది నునుపు చేయాలని చూడటం ఇంకా పెద్ద తప్పు. భాగాలు కడగాల్సింది కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే. షెడ్డులో చేతికందిందని డీజిల్‌తో కడిగితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కొత్త సిలిండర్‌ని బండికి ఎక్కించకముందే బల్ల మీద వైసుకు బిగించి, ఆయిల్ పోసి, బుడగలు ఆగేదాకా గాలి తీయాలి. ఆ తర్వాతే చక్రాల దగ్గర ఎయిర్ తీయడం. పాత సిలిండర్ మీద ఎయిర్ తీసేటప్పుడు మేస్త్రీ పెడల్ కింద చెక్కముక్క పెడతాడు. పెడల్ నేలదాకా వెళ్తే పిస్టన్ ఎన్నడూ తిరగని, తుప్పు పట్టిన చోటికి పోయి మంచి వాషర్ కూడా చిరుగుతుంది. ఆ చెక్కముక్క పెట్టే మేస్త్రీని నేను నమ్ముతాను.

సిలిండర్‌లో రెండు పిస్టన్లు, రెండు వేర్వేరు లైన్లు ఉంటాయిగా, ఒకటి పోయినా ఇంకొకటి ఆపుతుందిలే అని ధీమా పడేవారున్నారు. ఆపుతుంది, కానీ పెడల్ చాలా కిందికి పోయాక, బండి చాలా ముందుకెళ్లాక ఆపుతుంది. అంత దూరం ఘాట్ మలుపులో ఉండదు.

వలిసె పూలు చూడటానికి ఈసారి అరకు బయల్దేరేవారు ఎస్.కోటలో టీ తాగే చోటే ఒక నిమిషం పెడల్ మీద కాలు మెల్లగా ఆనించి చూడండి. దిగుతుంటే కారు అక్కడే వదిలేసి బస్సెక్కండి.