చెయ్యి, కాలు, గొంతు, చెవి: ఒంటిమిట్ట సీమలో చెక్కభజన సాధన

కడప నుంచి తిరుపతికి పోయే దారిలో ఉన్న ఒంటిమిట్టకు ఏకశిలానగరమన్న పేరు కూడా ఉంది. అక్కడి కోదండరామాలయ గర్భగుడిలో సీతారామలక్ష్మణుల మూర్తులను ఒకే శిలలో మలచడమే ఆ పేరుకు కారణమని స్థానికులు చెబుతారు. చైత్రమాసంలో శ్రీరామనవమి వేళ మొదలయ్యే బ్రహ్మోత్సవాలు, పున్నమి సమయాన రాత్రిపూట జరిగే కల్యాణం ఆ ఊరికి ప్రత్యేకతను తెచ్చాయి; రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను అధికారికంగా ఇక్కడే జరుపుతుండటం, అదే ఏడు ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి రావడం వల్ల ఆ ఖ్యాతి మరింత పెరిగింది. ఆ ఉత్సవాలలో స్వామి వాహనం ముందు నడిచే బృందాలలో, చేత చెక్కలు తాకిస్తూ, పాడుతూ ఆడే చెక్కభజన బృందాలూ ఉంటాయి. వాటిలో ఆడేవారు చాలావరకు కళను వృత్తిగా చేసుకున్నవారు కారు; పగలు సేద్యమో, కూలిపనో, చిన్న వ్యాపారమో చేసుకుని, పొద్దుపోయాక రామాలయం ముందు గుమిగూడి నేర్చుకున్నవారు. అటువంటి మనిషి మొదటిసారి చెక్కలు పట్టిన రాత్రి మొదలుకొని, పక్కవాడి పొరపాటును కూడా సర్దుకుంటూ ఆడగల స్థితికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో నైపుణ్యం ఏ వరుసలో ఒంటబడుతుందో గమనిస్తే, ఈ కళను తీర్చిన పూర్వుల బోధనాదృష్టి ఎంత లోతైనదో బోధపడుతుంది.

చెక్కలంటే గట్టి చేవ ఉన్న కర్రతో చేసిన జానెడు పొడవు తునకల జత. ఒకదానితో ఒకటి తాకే ముఖాలు చదునుగానూ, వీపులు గుండ్రంగానూ ఉంటాయి. చెక్కలకు కోసిన చీలికలలో పలుచని లోహపు బిళ్ళలను, కదలడానికి వీలుగా, సన్నని సీలలకు గుచ్చుతారు. సాధారణంగా జత అంతా ఒకే చేతిలో ఇముడుతుంది: ఒక చెక్కను బొటనవేలు, రెండో దానిని తక్కిన వేళ్ళు మోస్తాయి; వేళ్ళు జారకుండా కొన్నింటి వీపులకు చిన్న ఉంగరాలు బిగిస్తారు. చెక్కలు కలిసినప్పుడు కర్ర శబ్దం, బిళ్ళల శబ్దం అని రెండు ధ్వనులు పుడతాయి. కర్ర దెబ్బ తాళాన్ని చూపితే, దాని వెంటనే వినవచ్చే బిళ్ళల గలగల ఆ తాళానికి నిండుదనం ఇస్తుంది.

కొత్తగా పట్టినవారి చేతిలో ఈ రెండో ధ్వని సరిగా పలకదు. ఎక్కడ జారిపోతాయోనన్న భయంతో వారు చెక్కలను బిగబట్టి, తాకిన తరువాత కూడా ఒత్తిపట్టి ఉంచుతారు. దానితో బిళ్ళలు కదలక, పొడి కర్ర చప్పుడు మాత్రమే మిగులుతుంది. తాకించిన మరుక్షణమే వేళ్ళు సడలించి చెక్కలను విడదీయాలని గురువు ఎన్నిసార్లు చెప్పినా అది మాటతో వచ్చే విద్య కాదు. ముంజేయి నొప్పిపుట్టి, అలిసిపోయి, తనంతట తాను బిగువు వదులుకున్న తరువాతనే చెయ్యి దారికి వస్తుంది. సేద్యగాళ్ళ చేతులకు బలం కొరత ఉండదు. గొడ్డలికి, పారకు అలవాటుపడిన పట్టును చెక్కలకు తగినంతగా తగ్గించుకోవడమే వారికి మొదటి పాఠం అవుతుంది.

ఈ సాధనకు కాలాన్ని నిర్ణయించింది చాలావరకు మెట్ట సేద్యమే. వాన మీద ఆధారపడిన పొలాల్లో వేరుశనగ వంటి పంట ఇల్లు చేరి, సంక్రాంతి దాటాక పని ఒత్తిడి తగ్గుతుంది. అప్పటినుంచి ఉగాది, శ్రీరామనవమి వరకు దొరికే తీరుబడి రాత్రులు నేర్చుకోవడానికి అనువైనవి. ఊళ్ళో తెలిసినవారు లేకపోతే పొరుగూరి నుంచి గురువును పిలిపించుకుని, ఆయన భోజనవసతులు బృందమే చూసుకుని, ఊరంతా కలిసి ఇచ్చుకోగలిగింది ఇచ్చుకోవడం రాయలసీమ పల్లెల్లో ఉన్న పద్ధతి. నేర్పు ఒక దశకు వచ్చాక గజ్జెపూజ జరుపుతారు: గజ్జెలను దేవుడి ముందు ఉంచి పూజించి, గురువు చేతుల మీదుగా కాళ్ళకు కట్టుకుని, ఊరి జనం ఎదుట తొలిసారి ఆడతారు. తరువాత వానలు పడితే చెక్కలు అటకెక్కుతాయి. మళ్ళీ తీరుబడి వచ్చినప్పుడు, మరిచింది మరవగా మిగిలినదాని మీద కొత్త పాఠం మొదలవుతుంది. ఈ విరామాన్ని లోపంగా భావించనక్కరలేదు. మధ్యమధ్య ఎడం ఇచ్చి చేసిన అభ్యాసం ఒక్క పెట్టున చేసినదానికంటే ఎక్కువకాలం నిలుస్తుందని అభ్యసన శాస్త్రం కూడా చెబుతున్నది.

చేతికి పట్టు చిక్కగానే గురువు చెక్కలను పక్కన పెట్టించడం ఈ బోధనలోని మెలకువ. పాదాలకు వేరుగా పాఠం చెప్పాలి. నాలుగు మాత్రల నడకకు తకధిమి, మూడింటికి తకిట, ఏడింటికి తకిట తకధిమి అని నోటితో పలికే జతులే ఇక్కడ అక్షరమాల. మాత్ర అంటే తాళంలో కాలాన్ని కొలిచే చిన్న ప్రమాణం, జతి అంటే ఆ మాత్రలను నోటితో చెప్పే అక్షరాల కూర్పు. నేర్చుకునేవారికి ఎదురుగా నిలబడితే కుడిఎడమలు తారుమారవుతాయి గనుక, గురువు వారికి వీపు చూపి నిలబడి అడుగు వేసి చూపడం తేలిక మార్గం. ముందుకు వేసిన అడుగులో మడమ తాకాలా, మునివేళ్ళు తాకాలా, పాదమంతా ఒకేసారి నేలకు ఆనాలా అన్నది ప్రతి అడుగుకూ మారుతుంది. దానినిబట్టే మోకాలి వంపు, నడుము కదలిక, తరువాతి అడుగుకు దేహభారం ఏ కాలి మీద సిద్ధంగా ఉండాలన్నది తేలుతుంది. చూసేవారి కంటికి గిరగిర తిరగడం, కూర్చుని లేవడం, ఎగిరి దిగడం గొప్పగా తోస్తాయి. తెలిసినవారు చూసేది మాత్రం దేహభారం ఒక కాలి నుంచి మరో కాలికి మారే ఆ లిప్తపాటునే, ఎందుకంటే అక్కడ తడబడినవారు ఎంత ఎగిరినా తాళం మీదికి దిగలేరు. గజ్జెలు కట్టించడంలోని ప్రయోజనం కూడా అందమొక్కటే కాదు: పాదం ఆలస్యంగా పడితే ఆ ఆలస్యాన్ని గజ్జె అందరికీ వినిపించేస్తుంది.

చేతిని కాలితో కలిపినప్పుడు, వేరువేరుగా వచ్చిన రెండూ ఒక్కసారిగా పోతాయి. చెక్కల మీద మనసు పెడితే అడుగు తప్పుతుంది, అడుగు చూసుకుంటే చెక్కలు ఆగిపోతాయి. చాలామంది మానుకునేది ఇక్కడే. తమకు ఈ విద్య అబ్బదని వారు నమ్ముతారు. ఇటువంటి స్తంభన ఒక్క చెక్కభజనకు పరిమితమైనది కాదు. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే పరిశోధకులు 1897లోనూ, 1899లోనూ తంతి సందేశాలు అందుకునే పనివారి అభ్యాసాన్ని పరిశీలించి, వేగం కొంతవరకు పెరిగి, వారాల తరబడి కదలకుండా నిలిచి, ఆ తరువాత మళ్ళీ ఎగబాకుతుందని చూపారు. విడి అక్షరాలను వినే అలవాటు నుంచి పూర్తి మాటలను ఒక్కటిగా వినే అలవాటుకు మనసు మారుతున్న కాలమే ఆ నిలుపుదల అని వారి వివరణ. చెక్కభజన నేర్చుకునేవారి సంగతీ అదే. చెక్క దెబ్బ, అడుగు అనే రెండు పనులు ఒకే పనిగా అతుక్కునేవరకు బయటికి ఏ మెరుగూ కనబడదు. దీన్ని ఎరిగిన గురువు ఆ దశలో కొత్త అడుగులు చెప్పక, పాత అడుగునే పాట మార్చి ఆడిస్తాడు. నేర్చుకునేవారికి కొత్తదనం దొరుకుతుంది, దేహానికి పాత పని స్థిరపడుతుంది.

వేగం గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. మొదటి కాలం, అంటే నిదానపు నడక, పిల్లలకనీ, రెండింతల వేగంతో సాగే రెండో కాలం ఆరితేరినవారికనీ అనుకుంటారు. అనుభవం ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. వేగంలో ఊపు మనిషిని మోసుకుపోతుంది, చిన్న తప్పులు హోరులో కలిసిపోతాయి. నిదానంలో రెండు దెబ్బల మధ్య ఎడం పెరిగి, ఆ ఎడాన్ని ఒళ్ళు తూలకుండా నింపవలసి వస్తుంది. అందుకే పాత బృందాలు పాటను నింపాదిగా ఎత్తుకుని, మద్దెల హెచ్చరికతో కాలం మార్చి, చివరకు అందరూ ఒక్క దెబ్బ మీద ఆగే ముక్తాయింపుకు చేరుకుంటాయి. ఒక బృందం వయసును అంచనా వేయాలంటే దాని ఉరవడిని కాక, అది పాటను ఎత్తుకున్న నిదానాన్ని గమనించడం మేలు.

గొంతు మూడో మెట్టు. గురువు నడుమ నిలిచి తాళాలు వాయిస్తూ పల్లవి అందిస్తే, చుట్టూ వలయంలో ఆడుతున్నవారు దానిని అందుకుని వంత పాడాలి. రామాయణ, భారత ఘట్టాలు, కృష్ణలీలలు, కీర్తనలు ఈ పాటలకు వస్తువు; ఒంటిమిట్టకు సమీపంలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల సంకీర్తనలలోని పల్లవి, చరణాల నిర్మాణం కూడా ఇలా ఒకరు అందించగా పలువురు అందుకోవడానికి చక్కగా ఒదుగుతుంది. కూర్చుని లేచే అడుగులో పొట్ట నొక్కుకుపోయి ఊపిరి తెగుతుంది. అక్కడ పదాన్ని విరిస్తే అర్థం చెడుతుంది, విరవకపోతే అడుగు చెడుతుంది. ఏ అక్షరం దగ్గర గాలి తీసుకోవాలో, ఏ మలుపులో దీర్ఘాన్ని సాగదీయాలో పాటపాటకూ వేరుగా తేల్చుకోవాలి. చదువు రానివారు కూడా కథాభాగాలను పూర్తిగా నోటికి పట్టగలగడానికి ఇదే కారణం కావచ్చు. వారికి పాట పదాల వరుసగా గాక అడుగుల వరుసగా గుర్తుంటుంది. మధ్యలో ఆపి అడిగితే తోచని చరణం, కాలు కదిపితే తన్నుకొస్తుంది.

చెవి అన్నిటికంటే ఆలస్యంగా మేల్కొంటుంది, దానికి ఏళ్ళే కావాలి. తన చెక్క, తన అడుగు, తన పాట చూసుకునే భారం తగ్గినప్పుడే మనిషికి పక్కవారు వినబడతారు. వలయంలో ఒకరు అర మాత్ర వెనకబడితే, చెవి తెరుచుకున్నవారు తమ చెక్కను కొంచెం గట్టిగా తాకించి వారిని మళ్ళీ తాళంలోకి లాగుతారు. అడుగు దూరం తగ్గించి వలయం చెదరకుండా సర్దుతారు. పాతవారి నడుమ కొత్తవారిని నిలబెట్టడం ఇందుకోసమే. కోలాటంలో ఉద్ది, అంటే ఎదుట నిలిచి కోలు తాకించే జతగాడు, ఈ పనిని కొంత చేస్తాడు. చెక్కభజనలో కోలు కోలును తాకే ఆధారమైనా లేదు. అంతా వినికిడి మీదనే నడవాలి.

1967లో వెలువడిన తమ గ్రంథంలో ఫిట్స్, పోస్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దేహనైపుణ్యాన్ని మూడు దశలుగా విభజించారు: ఆలోచించి చేసే దశ, తప్పులు దిద్దుకుంటూ కుదుర్చుకునే దశ, తలపెట్టకుండానే జరిగిపోయే దశ. ఈ మూడో దశ గురించి గోల్ఫ్ మీద జరిగిన ఒక పరిశీలన చెక్కభజనకు బాగా వర్తిస్తుంది. సియాన్ బైలాక్, ఆమె సహచరులు 2004లో ప్రకటించిన ప్రయోగంలో, బంతిని మెల్లగా గురి దగ్గరికి దొర్లించే పనిని ఆరితేరినవారి చేత, కొత్తవారి చేత చేయించారు. తమ చేతి కదలికనే గమనించుకోమన్నప్పుడు ఆరితేరినవారు దెబ్బతిన్నారు. మరో ధ్వనిని వింటూ ఆడమన్నప్పుడు బాగా ఆడారు. కొత్తవారి విషయంలో ఇది తలకిందులైంది. చెక్కభజన బృందంలో కొత్తవారిని తమ పాదాన్ని చూసుకోమని, పాతవారిని వలయాన్ని వినమని వేరువేరుగా హెచ్చరించే గురువు ఈ తేడాను ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నాడు.

అయితే గోల్ఫ్‌లో అభిరుచి కొద్దీ ఆడేవారి పురోగతికి హ్యాండీక్యాప్ అనే అంకె ఉంది. 2020లో అమలులోకి వచ్చిన ప్రపంచ పద్ధతిలో అది గరిష్ఠంగా 54 నుంచి మొదలై, తాజా 20 ఆటలలో మెరుగైన 8 ఆధారంగా లెక్కకు వస్తుంది. ఆటగాడు ఒంటరిగానే ఏటేటా తన మెరుగును కొలుచుకోగలడు. చెక్కభజనలో ఒక్కరి మెరుగుకు అంకె లేదు, ఉండే వీలూ లేదు. పదహారుమంది ఆడుతున్నప్పుడు వినబడవలసింది ఒక్క దెబ్బ. ఎవరి చెక్క ఎవరిదో తెలియకపోతేనే అందరూ బాగా ఆడినట్టు. తన గొప్ప కనబడకుండా పోవడాన్ని నైపుణ్యానికి గురుతుగా పెట్టుకున్న కళలు అరుదు, చెక్కభజనకున్న అసలు విలువ కూడా అదేనని గట్టిగా చెప్పవచ్చు. ఆంధ్రవాల్మీకిగా పేరొందిన వావిలికొలను సుబ్బారావు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా భిక్షమెత్తి ఒంటిమిట్ట ఆలయాన్ని ఉద్ధరించినప్పుడు ఆ చిప్పలో పడినది కూడా ఇటువంటి పేరులేని జనం ఇచ్చిన సొమ్మే.

పూర్వం ప్రధానంగా మగవారి సాధనగా ఉన్న భజనలలోకి కొన్ని దశాబ్దాలుగా స్త్రీలు పెద్ద సంఖ్యలో వస్తున్నారు. కోలాటంలో వారి బృందాలే ఎక్కువగా కనబడుతున్నాయి. ఇది కళకు బలం. చిక్కు మరోచోట ఉంది: వేదికల మీద, ఊరేగింపులలో దొరికే కొద్ది నిమిషాల కోసం బృందాలు మొదటి కాలాన్ని వదిలి నేరుగా వేగంలోకి దిగుతున్నాయి, సెల్‌ఫోన్‌లో చూసి నేర్చుకునేవారు కూడా ఆ వేగాన్నే అనుకరిస్తున్నారు. పాటలకు గురువుల చేతిరాత పుస్తకాలు ఉన్నా అడుగులకు లిపి లేదు. కాబట్టి పెద్దవయసు గురువులు ఉండగానే వారి అడుగులను చిత్రించి పెట్టడం అవసరం. అది కూడా వేదిక ఎదుటి నుంచి కాక, నేర్చుకునేవారు చూసినట్టు వెనక నుంచి, పాదాలు పూర్తిగా కనబడేలా, జతి నోటితో చెప్పిస్తూ, మొదటి కాలంలో చిత్రించాలి.