పొరుగువాడెవడు?

లూకా సువార్త పదియవ అధ్యాయమునందలి మంచి సమరయుని కథను మనము ధర్మబోధగా పలుమారు విన్నాము. కథగా చదివినవారు తక్కువ. దేవుని పూర్ణహృదయముతో ప్రేమించుట, పొరుగువానిని తనవలె ప్రేమించుట అను రెండాజ్ఞలను ధర్మశాస్త్రోపదేశకుడు తడబడక అప్పగించెను. అంతటితో ఊరకుండక, తనకు పొరుగువాడెవడని యేసును అడిగెను. ఆ ప్రశ్న తెలుగున ధ్వనించినంత సూటిగా మఱి కొన్ని భాషలయందు ధ్వనింపదని నా యభిప్రాయము. అందులకు 'పొరుగు' అను మాటయే కారణము.

మన పల్లెలలో ఇరుగుపొరుగనగా గోడకు గోడ కలిసిన ఇండ్లు. అవి చాలవఱకు ఒక్క కులమువారివే. ఊరికి వెలియైన పేటలోనివాడు పిలుపుదూరమున నున్నను పొరుగువాడనిపించుకొనలేదు. కావున ఆజ్ఞను విన్న తెలుగువానికి దాని హద్దు కూడ ఆ మాటయందే దొరకినది. ఉపదేశకుడు వెదకినదియు అట్టి హద్దునే గదా!

తమిళుల నడుమ బహుకాలము కాపురమున్న నాకు ఈ సంగతి ఒక ఆదివారము వారి ఆలయమునందు తట్టినది. తమిళుల పాత అనువాదమున ఈ చోట 'పిఱన్' అని యున్నది; అనగా పరుడు, ఇతరుడు. కన్నడమున 'నెరెయవను', మరాఠీలో 'శేజారి', ఒడియాలో 'ప్రతివాసి'; ఇవియన్నియు మన మాటవలె ఇంటిప్రక్కవానినే చెప్పును. గ్రీకు మూలపదమునకును దగ్గరివాడనియే అర్థము. కనుక మనవారు తప్పు సేయలేదు. అయినను 'పిఱన్' విన్నంతనే, కథ ఎక్కడికి పోవునో ఆ మాట ముందే యెఱిగినట్లు నాకు తోచెను. మొదట అదియే మేలనుకొంటిని. ఇప్పుడంత నిశ్చయము లేదు. పరులను ప్రేమించుట సులభము, వారికి ముఖముండదు. పొరుగువాని పొయ్యిపొగ మన కంట పడును, వాని మురుగునీరు మన వాకిట పాఱును.

కథాకథన మెట్టిదో చూడుడు. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు త్రోవలో దొంగలు ఒకని బట్టలూడ్చి, కొట్టి, కొనయూపిరితో విడిచిరి. వానికి పేరు లేదు, ఊరు లేదు, కులము లేదు. కట్టుబట్టతో గుర్తింతమన్న ఆ బట్టయు లేదు. యాజకుడును లేవీయుడును అవతలి ప్రక్కగా సాగిపోయిరి. దేవుని ప్రేమించుటయే వృత్తిగా గలవారు వారు! యూదులకు పొత్తులేని సమరయుడు ఆగెను. అతడు చేసిన పనులలో అద్భుతమొక్కటియు లేదు. నూనెయు ద్రాక్షారసమును గాయములపై పోసెను, కట్లు కట్టెను, తన వాహనముపై నెక్కించెను, పూటకూటి యింట చేర్చి ఆ రాత్రి కనిపెట్టుకొనియుండెను. మఱునాడు రెండు దేనారములిచ్చెను. దేనారము ఆనాడొక దినపు కూలి. ఇంకను ఖర్చయినచో తిరిగి వచ్చునపుడు తీర్తునని మాటయిచ్చెను. ప్రేమ యను మాటకు ఈ కథ చెప్పిన భాష్యమంతయు నూనె, గుడ్డ, కూలిడబ్బు, బాకీ.

పిదప యేసు ప్రశ్నను త్రిప్పివేసెను. తనకు పొరుగువాడెవడని అడిగినవానిని, దెబ్బతిన్నవానికి ఎవడు పొరుగువాడయ్యెనని తిరిగి అడిగెను. పొరుగు అప్పటివఱకు ఒక చోటు. ఇప్పుడది యొక పని. నేను మిక్కిలి మెచ్చునది ఆ తరువాతి సూక్ష్మము: ఉపదేశకుడు 'సమరయుడు' అని నోరార అనలేక, జాలి చూపినవాడని మాత్రము చెప్పెను.

ఆ నోరు మన యిండ్లలోను గలదు. ఆరాధన ముగించుకొని వచ్చి, ఆ కథనే మెచ్చుకొనుచు కూర్చున్న యొక యింట పనిమనిషికి వేఱు గ్లాసు చూరులో బోర్లించియుండెను. నేనది చూచితిని, కాఫీ త్రాగి, ఏమియు ననక వచ్చితిని.

మన సాహిత్యమున ఈ ప్రశ్నను వెలివాడనుండి అడిగినవాడు జాషువ. వినుకొండలో 1895లో క్రైస్తవ కుటుంబమున జన్మించిన ఆ కవికి 'క్రీస్తుచరిత్ర' 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును తెచ్చినది. సమరయుని కథయందలి వేడి మాత్రము నాకు 1941 నాటి 'గబ్బిలము'న హెచ్చుగా కనబడును. అందు క్రీస్తు పాత్ర కాడు; సందేశము పోవునది కాశీవిశ్వనాథునికి. గుడిలోనికి పోవీలులేని మనుజుడు, గుడిలో స్వేచ్ఛగా వ్రేలాడు గబ్బిలముచేత తన గోడు దేవునికి చెప్పి పంపుచున్నాడు. మేఘసందేశమునందలి యక్షుడు ప్రియురాలికి కబురంపెను. ఇతనికి కబురందవలసినది దేవుని చెవికి. ఆ చెవికి దగ్గఱగా నున్న పూజారికి చెప్పుకొన వీలులేదు, పక్షికి చెప్పుకొనవచ్చును! యెరికో త్రోవలో పడియున్నవానికి మాట వచ్చినచో ఇట్లే పలికియుండును.

కథలో అతడొక్క మాటయు పలుకడు. కోలుకొనెనో లేదో, సమరయుడు తిరిగివచ్చి పూటకూటివాని బాకీ తీర్చెనో లేదో లూకా వ్రాయలేదు.