దోషము పట్టు విద్య

చిత్తూరు జిల్లాలో, కన్నడ తమిళ సీమల పొలిమేరకు చేరువనున్న శాంతిపురమున, ల్యాప్‌టాప్‌లో నెట్టు రాలేదని మొరపెట్టుకొను నావంటి వానికిని, ఆ లోప మెచ్చటనున్నదో పసికట్టగల కుఱ్ఱవానికిని నడుమనున్న దూరము, రోగికిని నాడి యెఱిగిన వైద్యునికిని నడుమనున్న దూరమే.

అతడు తొందరపడి యంత్రమును విప్పడు. ప్రక్కనున్న ఫోనునకు వైఫై యందుచున్నదా యని యడుగును. అందుచున్నచో దోషము ప్రాయికముగా ల్యాప్‌టాప్‌దే, లేనిచో రౌటరుదో, కరెంటు స్తంభములపై సాగివచ్చిన తీగదో. పిమ్మట నల్లని తెఱపై నొక యాజ్ఞ టైపు చేసి, చిరునామా 169.254తో మొదలగుట చూచెనా, రౌటరు చిరునామా నొసగనందున యంత్రము తనకు తానే యొకటి కల్పించుకొన్నదని క్షణములో గ్రహించును. 8.8.8.8 అను సంఖ్యకు పింగు చేరుచు, పేరుగల సైటు మాత్రము తెఱచుకొననిచో, తీగ నిక్షేపముగా నున్నదనియు, పేర్లను సంఖ్యలుగా మార్చు డీఎన్ఎస్సే తప్పినదనియు తేల్చును.

నా విషయమున, చెప్పుకొన సిగ్గగుచున్నది గాని, ఇంత శాస్త్ర మక్కఱకు రాలేదు. ఏరోప్లేన్ మోడ్ మీట నెప్పుడో నేనే నొక్కియుంటిని. అతడు నవ్వలేదు, ఆ మీటనే మఱల నొక్కి, “అయిపాయ సార్” అని లేచినాడు. ఎంత బ్రతిమాలినను రూపాయి పుచ్చుకొనలేదు.