మొనలేని పడవ

తుంగభద్ర మీద తిరిగే పుట్టి అనే గుండ్రటి బుట్ట పడవకు ముందూ వెనకా లేవు. మనిషి ఏ అంచున కూర్చుని తెడ్డు వేస్తే ఆ అంచే ముందు. చుక్కాని లేదు, తెరచాప లేదు, అడుగున నీటిని కోసే దూలం లేదు. అల్లికలో ఒక్క మేకు కూడా ఉండదు. కాకినాడ రేవులోనో విశాఖ రేవులోనో పడవలు చూసి వచ్చినవాళ్ళకు ఇది పడవలా కనిపించదు. సగంలో ఆపేసిన పనిలా ఉంటుంది. నిజానికి పడవల్లో ఇంతకంటే పూర్తయిన పని అరుదు. లోపాలుగా కనిపించే ప్రతిదానికీ ఈ నదిలో ఒక కారణం ఉంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం పత్తికీ మగ్గాలకూ పేరుపడింది కానీ చేపల వేటకు కాదు. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల ఉత్తరపు అంచంతా తుంగభద్రే. అవతలి ఒడ్డు కొంత మేర కర్ణాటకలోని రాయచూరు జిల్లా, దిగువన తెలంగాణలోని గద్వాల జిల్లా. 1953లో హొసపేట దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక, వానాకాలం దాటితే ఈ నది ధార తగ్గి నల్లరాతి గుండ్ల మధ్య సన్నని పాయలుగా చీలిపోతుంది. ఒకచోట మోకాటి లోతు, పది బారలు పోతే మనిషి మునిగే మడుగు. ఎండాకాలంలో చేపలన్నీ ఆ మడుగుల్లోనే ఉంటాయి. మొన ఉన్న పొడవాటి పడవను ఇందులో దింపితే మొదటి గుండుకే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. ఇక్కడ పడవ ఎలా ఉండాలో నదే తేల్చింది.

పని వెదురు దగ్గర మొదలవుతుంది. కొన్నిచోట్ల మేదరివాళ్ళు అల్లి ఇస్తారు, కొన్నిచోట్ల బెస్తవాళ్ళే అల్లుకుంటారు. ముదిరిన బొంగును నిలువునా చీల్చి, కణుపుల లోపలి అడ్డుగోడలు చెక్కేసి, బొటనవేలి వెడల్పున దబ్బలు తీస్తారు. వెదురు బలమంతా నునుపైన పైపొరను ఆనుకుని ఉంటుంది. నారలు అక్కడ దట్టంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా ఉంటాయి. దబ్బను వంచినప్పుడు సాగదీతకు గురయ్యేది వంపు వెలుపలి పక్క. అందుకే నునుపు పక్కను బయటికి ఉంచి వంచితే దబ్బ విరగదు, తిప్పి వంచితే పగుళ్ళిస్తుంది. అల్లేవాడు ఈ సంగతి మాటల్లో చెప్పకపోవచ్చు. కానీ ఒక్కొక్క దబ్బనూ చేతిలోకి తీసుకోగానే వేలితో ఒకసారి రాసి, ఏ పక్క ఎటో చూసుకున్నాకే నేల మీద పెడతాడు.

నేల చదునుగా ఉన్నచోట దబ్బలను జతలు జతలుగా పరుస్తారు. చాలా పుట్టిలలో అవి రెండు దిక్కుల నుంచి కాక మూడు దిక్కుల నుంచి వచ్చి, ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కింద నుంచి ఒకటి దూరిపోతూ ఆరు మూలల కన్నులుగా ఏర్పడతాయి. నాకు ఈ పడవలో అన్నిటికంటే తెలివిగా తోచేది ఈ అల్లికే. రెండు దిక్కుల అల్లికను మూలల దగ్గర పట్టుకుని లాగితే, కోళ్ళు వదులైన నులక మంచంలా చదరం ఏటవాలుగా ఒరిగిపోతుంది. మూడో దిక్కున దబ్బ పడగానే ఆ ఒరుగు ఆగిపోతుంది. ఎటు లాగినా ఒక వరుస దబ్బలు ఆ లాగుడుకు అడ్డం నిలుస్తాయి. ఇనుప వంతెనల్లో ఇంజనీర్లు త్రికోణాలు పేర్చేదీ ఇందుకే. పైగా ఆరు మూలల కన్ను నిండా ఖాళీ కనక తక్కువ వెదురుతో, తక్కువ బరువుతో పని జరిగిపోతుంది.

అడుగు అల్లిక పూర్తయ్యాక దాని మీద రాళ్ళ బరువు పెట్టి కదలకుండా అదిమి, చుట్టూ మిగిలిన దబ్బల కొసలను పైకి వంచుతారు. అడుగు చదునుగా నిలిచి, పక్కలు లేచేది ఇక్కడే. నిలబడిన కొసల మధ్య సన్న దబ్బలను అడ్డంగా వరసలు వరసలుగా నేస్తూ పోతే గోడ వస్తుంది. అంచు మీద నాలుగైదు దబ్బలను కట్టగా చుట్టి, తాడుతోనో తీగతోనో బిగించి కడతారు. పుట్టి గుండ్రదనాన్ని కాపాడేది ఈ కట్టే. అది సడలితే కొద్ది రోజుల్లోనే పుట్టి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆపైన తెడ్డు మాట వినదు. చివరగా లోపల అడుగు మీద మందమైన దబ్బలు కొన్ని అడ్డంగా దూర్చి కడతారు. మనిషి బరువు, చేపల బరువు ఒక్కచోట దిగిపోకుండా అడుగంతా పంచుకునేది వీటివల్లనే.

ఇంతవరకూ ఉన్నది బుట్టే. నీళ్ళలో వేస్తే మునుగుతుంది. పాతరోజుల్లో దాని మీద ఎద్దుతోలో బర్రెతోలో బిగించేవాళ్ళు. తోలు నీటిని ఆపుతుంది కానీ నానితే కుళ్ళుతుంది. వాడిన ప్రతిసారీ ఒడ్డుకు లాగి ఆరబెట్టాలి, నూనె పట్టించాలి. ఇప్పుడు ఆదోని పత్తి లారీల మీద కప్పేలాంటి టార్పాలినో, కుట్టి కలిపిన ఎరువు సంచులో పరిచి పైన కరిగించిన తారు పూస్తున్నారు. తారు పని ఓపికతో కూడినది. వేడి తక్కువైతే గుడ్డ పోగుల్లోకి దిగదు, ఎక్కువైతే ప్లాస్టిక్కును కాల్చేస్తుంది. పలచగా ఒక పూత వేసి, అది పట్టాక ఇంకొకటి వేయాలి. కర్నూలు ఎండలకు తారు మెత్తబడుతుంది కాబట్టి వేసవిలో పుట్టిని బోర్లించి నీడకు చేరుస్తారు. ఏడాదికోసారి కొత్త పూత తప్పదు. చట్రమూ కప్పూ విడివిడి పనులు కావడం ఒక సుఖం. కప్పు చినిగితే అతుకు వేస్తారు, దబ్బ విరిగితే పక్కన ఇంకో దబ్బ దూరుస్తారు. వెదురూ తారూ దొరికే ఏ ఊళ్ళోనైనా మరమ్మతు జరిగిపోతుంది.

ఇక ఈ పుట్టి నీళ్ళలో ఎంత దిగుతుందో లెక్క వేసి చూద్దాం. చదునైన అడుగు అయిదు అడుగుల అడ్డకొలత ఉందనుకుంటే దాని వైశాల్యం సుమారు 1.8 చదరపు మీటర్లు. పుట్టి, ఇద్దరు మనుషులు, వల, కొన్ని చేపలు కలిపి 200 కిలోలు అనుకుందాం. 200 కిలోల నీటిని పక్కకు నెట్టడానికి అది దిగవలసింది 11 సెంటీమీటర్లు, అంటే నాలుగున్నర అంగుళాలకు మించదు. జానెడు నీళ్ళుంటే ఇద్దరు మనుషులతో రాళ్ళ మీదుగా పోయే పడవ ఇది. ఎప్పుడైనా అడుగు రాతికి తగిలినా వెదురు లోపలికి ఒదిగి మళ్ళీ లేస్తుంది. చెక్క పడవకు అదే దెబ్బ పగులు అవుతుంది. నీళ్ళు మరీ తగ్గినచోట దిగిపోయి, చిన్న పుట్టిని ఒక్కడే తిరగేసి నెత్తిన పెట్టుకుని తరువాతి మడుగుకు నడిచిపోతాడు.

నడపడం మాత్రం చూసినంత సులువు కాదు. ఒక పక్క తెడ్డు వేస్తే పుట్టి ముందుకు పోకుండా గిర్రున తిరుగుతుంది. కొత్తవాళ్ళు ఎంత బలంగా వేస్తే అంత తిరుగుతారు. తెలిసినవాడు వెనక కూర్చోడు, ముందంచున గొంతుక్కూర్చుంటాడు. చేయి చాచి తెడ్డును ఎదర నిలువుగా దించి, నీటిని తనవైపు లాక్కుంటాడు. పడవ తెడ్డు దగ్గరికి వస్తుంది. లాగిన తెడ్డు కాస్త ఎడమకు ఒరిగిందంటే తరువాతిది కుడికి ఒరుగుతుంది. ఒక తిప్పుడును ఇంకో తిప్పుడు కొట్టేస్తూ పోతే మిగిలేది ముందుకు నడకే. లోతు తక్కువైతే తెడ్డు పక్కన పెట్టి గెడ పడతాడు. ఏటికి అడ్డంగా దాటాలంటే, చేరాల్సిన చోటికి బాగా ఎగువనే పుట్టిని నీళ్ళలో వదులుతాడు. ధార ఎంత కిందికి తోస్తుందో ముందే లెక్క ఉంటుంది. రాళ్ళ మధ్య సుడి పట్టినచోట పుట్టిని తిరగనిస్తాడు. మొన లేదు కనక అడ్డం పడటమన్నదీ లేదు. ఎక్కినవాళ్ళకు చెప్పేది ఒక్కటే: "నడుమ కూసో సామీ, నిలబడొద్దు." చదునైన అడుగు కూర్చున్న మనిషిని ఎంత భద్రంగా మోస్తుందో, అంచుకు పోయి నిలబడినవాణ్ణి అంత తేలిగ్గా నీళ్ళలో పడేస్తుంది. వెడల్పైన నీళ్ళలో గాలి లేచిందంటే మాత్రం పుట్టి ఓడిపోతుంది. ఆ రోజు దించకపోవడమే పనితనం.

వేటలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు వల జారవిడుస్తారు. చాలాసార్లు ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాలే. గుండ్రటి అంచుకు మూలలూ కొక్కేలూ లేవు కనక వల ఎక్కడా తగులుకోదు. అంచు నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి బొచ్చె అయినా రాగండి అయినా పెద్దగా ఎత్తకుండానే లోపలికి దొర్లుతుంది. గాలానికి పెద్ద వాలుగ పడినప్పుడు జరిగేది చూడదగ్గది. కట్టేసిన పడవలో ఉంటే చేప గుంజుడంతా దారం మీదే పడి దారం తెగుతుంది. పుట్టి అయితే చేప వెంట కదిలిపోతుంది. అది ఎటు లాగితే అటు పోతుంది, ఆ బరువు లాగి లాగి చేప అలుస్తుంది. ఖరీదైన గాలపు కర్రల్లో రీలుకు ఒక బిగింపు ఉంటుంది. లాగుడు హద్దు మీరగానే అది జారి దారం వదులుతుంది. పుట్టి ఆ పని ఒంటితో చేస్తుంది.

సరదా వేటగాళ్ళు కూడా దీన్ని గుర్తించారు.  దక్షిణాది నదుల్లో సరదాగా గాలం వేసే అలవాటు కావేరి మీద ఉండేది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లోనే 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గాలపు వేట పుస్తకం రాశాడు. 1946లో కావేరి ఉపనది కబినిలో వాన్ ఇంగెన్ అనే వేటగాడు 120 పౌండ్ల మహశీర్ చేపను పట్టాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో కావేరి ఒడ్డున భీమేశ్వరి దగ్గర విదేశీయులు గాలాలు వేసింది ఇలాంటి గుండ్రటి పడవల్లో కూర్చునే. చేప పడగానే రాళ్ళ మధ్య దాని వెంట పోవడానికి ఇంజను పడవలు పనికిరాలేదు. పేరు గాలం పట్టినవాడికి వచ్చేది. నా లెక్కలో సగం చేప తెడ్డు వేసినవాడిదే. అక్కడి మూపురపు మహశీర్ ఇప్పుడు అంతరించే అంచున ఉంది. అక్కడి అభయారణ్యంలో ఆ వేట ఆగిపోయింది, ఆగడమే మంచిది.

ఈ పడవ వయసు చెప్పాలంటే, 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ దీన్ని వర్ణించాడు. గుండ్రటి బుట్టలు, బయట తోలు, పదిహేను ఇరవై మంది పడతారు, తిరుగుతూ పోతాయి తప్ప నేరుగా పోవు అన్నాడు. తిరగడం ఆయన కంటికి లోపంగానే కనిపించి ఉంటుంది. 1803లో మరాఠాల మీదికి సైన్యాన్ని నడిపిన ఆర్థర్ వెల్లెస్లీ నదులు దాటడానికి ఇవే చేయించుకున్నాడు. మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా ఉన్న జేమ్స్ హార్నెల్ వీటిని కొలతలతో సహా చదివి, ఇరాక్‌లో టైగ్రిస్ నది మీద తిరిగే కుఫా అనే గుండ్రటి పడవలతో పోల్చాడు. ఇరాక్ వాళ్ళది చుట్టలు చుట్టలుగా చుట్టి కుట్టిన గంప, మనది దబ్బల అల్లిక. ఆకారం ఒకటే, దారులు వేరు.

ఉత్తరాంధ్ర తీరం నుంచి శ్రీశైలం వెనుక జలాలకు వలస వచ్చిన మత్స్యకారులు సముద్రపు తెప్పల మీద పుట్టి పెరిగినవాళ్ళు. దుంగలను తాళ్ళతో బిగించి కట్టే తెప్ప అలలకు తగిన గొప్ప పని. అయినా నదికి వచ్చాక వాళ్ళూ పుట్టే ఎక్కారు. ఇంతకంటే యోగ్యతా పత్రం ఈ పడవకు అక్కర్లేదు.

2009 అక్టోబరు వరదలో మంత్రాలయం మునిగింది. నాగలదిన్నె దగ్గర తుంగభద్ర మీది వంతెన కొట్టుకుపోయింది. అవతలి ఊరు కళ్ళెదుటే ఉండి రోడ్డు దారి మైళ్ళు పెరిగినప్పుడు పుట్టి అవసరం మళ్ళీ గుర్తొచ్చింది. ఇప్పుడు ఫైబర్ పుట్టిలు వస్తున్నాయి. వాటికి తారు పని లేదు, ఏళ్ళు నిలుస్తాయి. వద్దనడానికి నాకు నోరు రాదు, ఏటేటా తారు కాచేది నేను కాదు కదా. కానీ ఫైబరు రాతి దెబ్బకు ఒదగదు. పగిలితే ఊళ్ళో బాగుచేసే చెయ్యి లేదు. థర్మోకోల్ దిమ్మలు కట్టుకుని మడుగుల్లోకి దిగేవాళ్ళూ ఉన్నారు. చవక తప్ప దానిలో చెప్పుకోదగ్గ గుణం ఏదీ లేదు.

మంత్రాలయం వెళ్ళేవాళ్ళు దర్శనం అయ్యాక ఏటి ఒడ్డున కాసేపు నడవండి. బోర్లించిన పుట్టి కనిపిస్తే దాని మనిషిని అడిగి, తిరగేయించి లోపలి అల్లిక చూడండి. ఆరు మూలల కన్నులు లెక్కపెట్టండి, అంచు కట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతకండి. తారు కొత్తగా పూసి ఉంటే మాత్రం ముట్టుకోకండి, పంచెకు అంటితే పోదు.